మందూ మాటా కలిసినప్పుడు: బస్తర్‌లో మనసు గాయాలకు చికిత్స

శబరి ఒడ్డున ఉన్న కుంటలో సంత రోజు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు ఇది దక్షిణపు కొస. పక్కనే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ ఉప్పు, చింతపండు, ఇప్పపువ్వు బేరాలు గోండీ, దొర్లీ, హల్బీ, తెలుగు భాషల్లో ఒకేసారి సాగుతాయి. సంతలోనే ఒక పక్కన వైద్య వాహనం ఆగుతుంది. వారపు సంతలకే వైద్యాన్ని తీసుకెళ్లే ‘హాట్ బజార్ క్లినిక్’ పథకాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 2న ప్రారంభించింది.

అలాంటి వాహనం దగ్గరకు ఒక నడివయసు మహిళ వచ్చిందనుకుందాం. తల దిమ్ముగా ఉందంటుంది. గుండె దడ, ఒళ్లంతా నొప్పులు, ఆకలి లేదు. రాత్రి కుక్క మొరిగినా ఉలిక్కిపడి లేస్తుంది. పొలానికి వెళ్లబుద్ధి కావడం లేదు. జ్వరం చూస్తారు, మలేరియా పరీక్ష చేస్తారు. ఏమీ తేలదు. నొప్పి మాత్రలు, విటమిన్ మాత్రలు ఇచ్చి పంపుతారు. రెండు వారాలకు ఆమె మళ్లీ వస్తుంది. కొన్నేళ్ల కిందట ఊరు తగలబడిన రాత్రి గురించి ఆమె చెప్పదు, ఎవరూ అడగరు.

ఈ మహిళ ఒక ఊహా ఉదాహరణ మాత్రమే. కాని ఆమె చెప్పిన లక్షణాలు ఊహలు కావు. కుంగుబాటు, ఆందోళన, మానసిక గాయం అనే మూడు సమస్యలు గ్రామీణ భారతంలో చాలావరకు ఒంటి నొప్పుల రూపంలోనే ఆసుపత్రి గడప తొక్కుతాయి. వాటికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సలూ ఉన్నాయి. రెండింటినీ ఎప్పుడు విడివిడిగా, ఎప్పుడు కలిపి వాడాలి అన్న ప్రశ్నకు గత పాతికేళ్ల పరిశోధనలు చాలావరకు సమాధానం చెప్పాయి. మానసిక వైద్యులు అరుదుగా కనిపించే బస్తర్ వంటి చోట ఆ సమాధానాన్ని ఎలా అమలు చేయాలన్నదే ఇప్పటి సవాలు.

రెండు దశాబ్దాల భయం

బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా, నారాయణపూర్, కొండగావ్, కాంకేర్. మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య దశాబ్దాలుగా సాగిన పోరు ఇక్కడి పల్లెలను నలిపేసింది. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్ల పక్కన వేసిన శిబిరాలకు తరలించారు. వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. తెలుగువారు గుత్తికోయలని పిలిచేది వీరినే. పౌరులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా మావోయిస్టులపై పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. అయితే కాల్పులు, మందుపాతరలు, హత్యలు ఆ తర్వాతా కొనసాగాయి.

యుద్ధం, సంఘర్షణ ఉన్న ప్రాంతాల్లో మానసిక ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో లాన్సెట్ పత్రికలో ఒక అంచనా ప్రచురించారు. అలాంటి చోట్ల దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు, అంటే 22 శాతం మంది, ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతుంటారని అది తేల్చింది. మన దేశం మొత్తం మీద చూస్తే, బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు లెక్కగట్టింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

మూడు సమస్యలు, మూడు దారులు

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. కుంగుబాటులో మనిషికి దేనిమీదా ఆసక్తి ఉండదు. నిద్ర, ఆకలి, శక్తి తగ్గుతాయి. తాను పనికిరాననే భావన పట్టుకుంటుంది. ఈ స్థితి రెండు వారాలకు మించి రోజూ ఉంటే వైద్యులు దాన్ని రుగ్మతగా చూస్తారు. ఆందోళన రుగ్మతలో జరగబోయేదాని గురించిన భయం అదుపు తప్పుతుంది. మానసిక గాయం తర్వాతి ఒత్తిడి రుగ్మతలో జరిగిపోయిన సంఘటన మళ్లీ మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్లే అనిపిస్తుంది. ఆ చోటు, ఆ వాసన, ఆ శబ్దం గుర్తుచేసే ప్రతిదాన్నీ మనిషి తప్పించుకు తిరుగుతాడు. శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్లు ఉలికిపాటుతో ఉంటుంది.

మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టే గంట లాంటిది. ఏది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో గుర్తుపెట్టుకునేది హిప్పోక్యాంపస్. ‘ఇప్పుడు ప్రమాదం లేదు, ఊరుకో’ అని గంటను ఆపేది నుదుటి వెనుక ఉండే ముందుభాగపు మెదడు. తీవ్రమైన మానసిక గాయం తగిలినవారిలో ఈ మూడింటి మధ్య సమన్వయం చెడుతుంది. గంట మోగుతూనే ఉంటుంది, ఆపే చేతికి బలం చాలదు. చికిత్స చేయాల్సిన పనులు అందుకే రెండు. మోత తీవ్రతను తగ్గించాలి. ప్రమాదం గడిచిపోయిందని మెదడుకు కొత్తగా నేర్పాలి. మొదటి పనిలో మందులు ఎక్కువగా తోడ్పడతాయి. రెండోది మాటల చికిత్స పని.

అడవి వేరు నుంచి క్షయ వార్డు దాకా

కుంగుబాటు మందుల కథలో మన అడవుల మొక్కకూ చోటుంది. తెలుగులో పాతాళగంధి అని పిలిచే సర్పగంధ మధ్య భారత అడవుల్లో పెరుగుతుంది. దాని వేరును మతిచాంచల్యానికి, పాముకాటుకు వాడే అలవాటు తరతరాలుగా ఉంది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు రక్తపోటుపై, ఉన్మాదంపై ఆ వేరు చూపే ప్రభావం గురించి వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటుకు రిసర్పిన్ వాడినవారిలో కొందరు కుంగుబాటుకు లోనైనట్లు వైద్యులు నివేదించారు. ఆ మందు మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ వంటి రసాయనాల నిల్వలను తగ్గిస్తుందని తేలింది.

దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచం దిగలేని రోగులు హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. ఆ మందు పై రసాయనాలు విరిగిపోకుండా ఆపుతుందని తెలిసింది. ఒక మందు వాటిని తగ్గిస్తే దిగులు, మరో మందు వాటిని నిలిపితే ఉత్సాహం. ఈ రెండు పరిశీలనల నుంచే కుంగుబాటుకు మెదడు రసాయనాలే మూలమన్న సిద్ధాంతం పుట్టింది. అదే దారిలో 1980ల చివర్లో ఫ్లుఒక్సెటిన్ వచ్చింది. నాడీకణాల మధ్య విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి పీల్చుకోకుండా ఇది అడ్డుకుంటుంది. ఫ్లుఒక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ మందులు నేడు భారత అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. ధర తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఇవ్వగలిగిన మందులివి.

అయితే ఈ సిద్ధాంతంలో ఒక చిక్కుముడి మిగిలిపోయింది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరటోనిన్ పెరుగుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రసాయనం తగ్గడమే జబ్బయితే ఇంత ఆలస్యం ఎందుకు?

ఎలుకలు చెప్పిన జవాబు

ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీనికి ఒక సమాధానం చూపింది. వారు ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే చిన్న విద్యుత్ షాక్ ఇచ్చారు. కొన్నాళ్లకు శబ్దం వినగానే ఎలుకలు బిగుసుకుపోయేవి. తర్వాత షాక్ లేకుండా శబ్దం మాత్రమే పదేపదే వినిపించారు. భయం తగ్గింది. కాని రోజులు గడిచాక మళ్లీ తిరిగి వచ్చింది. మరికొన్ని ఎలుకలకు తాగే నీటిలో ఫ్లుఒక్సెటిన్ మాత్రమే కలిపి ఇచ్చారు. అదొక్కటే భయాన్ని చెరపలేకపోయింది. ఫ్లుఒక్సెటిన్ ఇస్తూ, షాక్ లేని శబ్దంతో కొత్త పాఠం కూడా నేర్పిన ఎలుకల్లో మాత్రం భయం తగ్గింది, మళ్లీ తిరిగి రాలేదు.

దీని సారాంశం సులభమే. మందు మెదడును మెత్తబరుస్తుంది. నాడీకణాల మధ్య కొత్త బంధాలు ఏర్పడే గుణాన్ని, అంటే మారగలిగే శక్తిని, తిరిగి తెస్తుంది. ఆ మెత్తదనంలో ఏ కొత్త ముద్ర పడుతుందన్నది అనుభవం మీద ఆధారపడి ఉంటుంది. దుక్కి దున్నినంత మాత్రాన పంట రాదు, విత్తనం వేయాలి. ఎండిన నేలలో విత్తనం వేసినా మొలవదు. మందు దుక్కి అయితే మాట విత్తనం.

ఎలుకలో తేలినది మనిషిలో అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పలేం. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో కూడా కలయికకు మొగ్గు కనిపించింది. అమెరికాలో దీర్ఘకాలిక కుంగుబాటు ఉన్న 681 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. మందు మాత్రమే తీసుకున్నవారిలో 48 శాతం, మాటల చికిత్స మాత్రమే పొందినవారిలో 48 శాతం మంది మెరుగుపడ్డారు. రెండూ కలిపి తీసుకున్నవారిలో అది 73 శాతం. ఆ పరీక్షలో వాడిన నెఫాజొడోన్ అనే మందును కాలేయానికి హాని కారణంగా తర్వాత చాలా దేశాల్లో ఆపేశారు. కలిపి చికిత్స చేయాలన్న ఆలోచన మాత్రం నిలిచింది.

కౌమార వయసు పిల్లల కుంగుబాటుపై 439 మందితో జరిగిన పరీక్ష 2004లో ఇలాంటి ఫలితమే ఇచ్చింది. 12 వారాల తర్వాత ఫ్లుఒక్సెటిన్, మాటల చికిత్స కలిపి పొందినవారిలో 71 శాతం మెరుగుపడగా, మందు ఒక్కటే తీసుకున్నవారిలో సుమారు 61 శాతం, మాటల చికిత్స ఒక్కటే పొందినవారిలో 43 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 35 శాతం మంది మెరుగుపడ్డారు. ఆందోళన రుగ్మతలున్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందిపై 2008లో వచ్చిన ఫలితాల్లో కలయికకు 81 శాతం, మాటల చికిత్సకు 60 శాతం, సెర్ట్రాలిన్ మందుకు 55 శాతం, ఉత్తుత్తి మాత్రకు 24 శాతం దక్కాయి.

అలాగని ప్రతి ఒక్కరికీ రెండూ అవసరం లేదు. స్వల్ప కుంగుబాటుకు మాటల చికిత్సతో మొదలుపెట్టడం మేలని మార్గదర్శకాలు చెబుతాయి. తీవ్రత పెరిగేకొద్దీ, సమస్య పాతబడేకొద్దీ కలయిక వల్ల లాభం పెరుగుతుంది. మరో తేడా కూడా ఉంది. మందు ఆపేశాక సమస్య తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మాటల చికిత్సలో నేర్చుకున్నది మనిషితోపాటే ఉంటుంది.

మానసిక గాయం దగ్గర లెక్క మారుతుంది

బస్తర్‌కు అతి ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. మానసిక గాయం తర్వాతి ఒత్తిడి రుగ్మతలో కలయికకు ఉన్న ఆధారాలు కుంగుబాటులో ఉన్నంత బలంగా లేవు. ఇక్కడ మొదటి చోటు మాటల చికిత్సదే. గాయపు జ్ఞాపకాన్ని సురక్షితమైన వాతావరణంలో, నెమ్మదిగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పించడం ఈ చికిత్సలకు గుండెకాయ. సెర్ట్రాలిన్, పారొక్సెటిన్ వంటి మందులు కొంత ఉపశమనం ఇస్తాయి. గాయంతోపాటు తీవ్రమైన కుంగుబాటు కూడా ఉన్నప్పుడు, లేదా మాటల చికిత్స అందుబాటులో లేనప్పుడు, అది ఫలించనప్పుడు వాటిని వాడతారు.

మంచి ఉద్దేశంతో చేసే రెండు పనులు ఇక్కడ హాని చేయవచ్చు. ఒకటి, నిద్ర పట్టడం లేదనగానే డైజిపామ్, అల్‌ప్రజోలామ్ వంటి మత్తు మాత్రలు ఇవ్వడం. అవి ఆ రాత్రికి నిద్రపుచ్చుతాయి. కాని కొత్త పాఠం నేర్చుకునే మెదడు శక్తిని మందగింపజేస్తాయి, అలవాటుగా మారతాయి. భయంకర సంఘటన జరిగిన తొలి నెలలో వీటిని ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండోది, సంఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ‘ఏం జరిగిందో అంతా చెప్పు’ అని బలవంతం చేయడం. ఒక్కసారి జరిపే ఇలాంటి విచారణ వల్ల రుగ్మత తగ్గదని పరీక్షల్లో తేలింది. తొలి రోజుల్లో కావలసింది తిండి, నీడ, భద్రత, అయినవారి తోడు. చెప్పాలనిపించినప్పుడు వినే మనిషి.

డాక్టర్ లేని చోట ఎవరు వింటారు?

మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేరు. ఉన్నవారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గరి సేంద్రిలో ఉంది. కుంట నుంచి అక్కడికి వెళ్లాలంటే రాష్ట్రం ఈ కొస నుంచి దాదాపు ఆ కొసకు పోవాలి. మాటల చికిత్సకు వారం వారం అంత దూరం వెళ్లడం ఎవరివల్లా కాదు.

దీనికి గోవాలో ఒక దారి దొరికింది. డాక్టర్ విక్రమ్ పటేల్ సహ వ్యవస్థాపకుడిగా ఉన్న ‘సంగత్’ సంస్థ, మానసిక ఆరోగ్యంలో ఏ డిగ్రీలూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా తీర్చిదిద్దింది. ఓ మోస్తరు నుంచి తీవ్ర కుంగుబాటు ఉన్న 495 మందిపై జరిగిన వారి పరీక్ష 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు జరిగే మాటల చికిత్స పొందినవారిలో 64 శాతం మంది మూడు నెలల్లో కుంగుబాటు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అది 39 శాతం. అంతకుముందు 2010లో వచ్చిన ‘మానస్’ పరీక్షలో కౌన్సెలర్, వైద్యుడు, మానసిక నిపుణుడు కలిసి మెట్టు మెట్టుగా చికిత్స చేశారు. తేలిక సమస్యకు సలహా, ముదిరితే మందు లేదా మాటల చికిత్స, ఇంకా తగ్గకపోతే నిపుణుడి సాయం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారిలో ఆరు నెలలకు 66 శాతం కోలుకోగా, ఈ పద్ధతి లేని కేంద్రాల్లో 43 శాతం కోలుకున్నారు.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చింది. వారు ఇంటింటికీ వెళ్లి 5,000 మందికి పైగా ప్రశ్నలు అడిగారు. కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నట్లు అనుమానం వచ్చిన 238 మందిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపారు. అంతకుముందు వీరిలో ఒక శాతం కూడా మానసిక వైద్యం కోసం వెళ్లలేదు. ప్రాజెక్టు తర్వాత ఆ సంఖ్య 12.6 శాతానికి పెరిగింది. ఇంకా తక్కువే, కాని మార్పు మొదలైంది.

సంఘర్షణ ప్రాంతాల అనుభవమూ ఇదే చెబుతోంది. ఉగాండాలోని శిబిరంలో తలదాచుకున్న రువాండా, సోమాలియా శరణార్థుల్లో 277 మందిపై జరిగిన పరీక్షలో శరణార్థుల నుంచే శిక్షణ పొందినవారు మానసిక గాయానికి చికిత్స చేశారు. జీవితకథను జననం నుంచి నేటి దాకా వరుసగా చెప్పించే పద్ధతిలో చికిత్స పొందినవారిలో 70 శాతం మందికి ఆ తర్వాత రుగ్మత లేదని తేలింది. చికిత్స అందని వారిలో అలా తేలినవారు 37 శాతం.

బస్తర్‌కు ఈ పనిలో ఒక అనుకూలత ఉంది. దేశమంతటా ఆశా కార్యకర్తలు రాకముందే, 2002లోనే ఛత్తీస్‌గఢ్ ‘మితానిన్’ కార్యక్రమం ప్రారంభించింది. మితానిన్ అంటే అక్కడి మాటలో స్నేహితురాలు. ఊరు ఎంచుకున్న మహిళే ఊరి ఆరోగ్యాన్ని చూసుకుంటుంది. 2020లో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ ఉద్యమంలో ఆరోగ్య సిబ్బంది అడవి దారులు, వాగులు దాటి ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేశారు. రక్తపు చుక్క కోసం గడప దాకా వెళ్లగలిగిన వ్యవస్థ, ‘నిద్ర పడుతోందా?’ అన్న ప్రశ్నను కూడా తీసుకెళ్లగలదు. మందు రాసే వైద్యుల విషయంలో నిమ్హాన్స్ చేయూతనిచ్చింది. ‘చాంప్’ పేరుతో ఛత్తీస్‌గఢ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు దూరవిధానంలో మానసిక వైద్య శిక్షణ ఇచ్చింది.

బస్తర్‌లో మాత్ర రాసేముందు

నగరంలో రాసే చీటీని ఇక్కడ అలాగే రాయడం కుదరదు. ఈ ప్రాంతంలో రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి ఎక్కువ. నీరసం, దడ, నిస్సత్తువ వాటివల్లా రావచ్చు. రక్తపరీక్ష చేయకుండా కుంగుబాటు అని ముద్ర వేస్తే అసలు జబ్బు దాగిపోతుంది. ఎస్సిటాలోప్రామ్ గుండె విద్యుత్ లయపై కొంత ప్రభావం చూపుతుంది. కొన్ని మలేరియా మందులదీ అదే గుణం. రెండూ ఒకేసారి వాడుతున్నారేమో వైద్యుడికి తెలియాలి. మొండి క్షయకు వాడే లినెజోలిడ్‌తో ఫ్లుఒక్సెటిన్ కలిస్తే శరీరంలో సెరటోనిన్ ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఇక ఇప్పసారా, సల్ఫీ. తెలుగు ఏజెన్సీలో జీలుగు కల్లు అనేదాన్నే బస్తర్‌లో సల్ఫీ అంటారు. పండుగలో, పెళ్లిలో, దేవుడి ముందు దానికి చోటుంది. కాని నిద్ర రావడానికి, జ్ఞాపకాన్ని అణచడానికి తాగేటప్పుడు అదే మందుగా మారుతుంది. మద్యం కుంగుబాటును పెంచుతుంది. మత్తు మాత్రలతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదమూ ఉంటుంది. ‘తాగుతావా?’ అని నిలదీసేకంటే ‘ఎప్పుడు తాగాలనిపిస్తుంది?’ అని అడిగితే నిజం బయటికి వస్తుంది.

మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో వికారం, తలనొప్పి, కంగారు కలగవచ్చు. ఫలితం ఇంకా కనిపించదు. చాలామంది మాత్రలు మానేసేది అప్పుడే. పాతికేళ్ల లోపువారిలో ఈ తొలి రోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి దగ్గరగా గమనించాలి. లక్షణాలు తగ్గాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా మందు కొనసాగించాలి. ఆపేటప్పుడు వైద్యుడి సలహాతో క్రమంగా తగ్గించాలి. ఇవన్నీ చెప్పి, వారానికోసారి పలకరించే మనిషి ఉంటే మాత్ర ఆగదు. మాట మందుకు చేసే మొదటి సాయం ఇదే.

ఏ భాషలో ఏడవాలి?

మాత్రకు భాష అక్కర్లేదు. మాటల చికిత్సకు భాషే పరికరం. హిందీలో అడిగిన ప్రశ్నకు గోండీ మాట్లాడే వృద్ధురాలు ‘అంతా బాగుంది’ అని ముగిస్తుంది. దొర్లీ మాట్లాడేవారికి తెలుగు కొంత దగ్గర. అందుకే కౌన్సెలర్ ఆ ఊరివారై ఉండటం సౌకర్యం కోసం కాదు, చికిత్స పనిచేయడానికి షరతు. ప్రశ్నావళిని మాటకు మాట అనువదిస్తే చాలదు. దిగులును జనం దేనితో పోల్చి చెబుతారో, ఎక్కడ నొప్పి అంటారో తెలియాలి.

బస్తర్ పల్లెల్లో జబ్బు చేస్తే ముందుగా వెళ్లేది సిరహా, గునియాల దగ్గరికి. దేవుడు పూనే మనిషి సిరహా. మూలికలూ మంత్రాలూ తెలిసినవాడు గునియా. వారిని ఎదిరిస్తే రోగి చికిత్సకు దూరమవుతాడు. కలుపుకుంటే వారే రోగిని ఆసుపత్రికి పంపే తొలి మెట్టవుతారు. కట్టేయడం, కొట్టడం, మందు మాన్పించడం జరగకూడదన్న గీత మాత్రం స్పష్టంగా ఉండాలి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రతి పౌరుడికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కునిచ్చింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

తుపాకీ పట్టిన చేతులు

గాయం పల్లెలకే పరిమితం కాదు. 2019 డిసెంబరు 4న నారాయణపూర్ జిల్లా కడేనార్ శిబిరంలో ఐటీబీపీ జవాన్ల మధ్య జరిగిన కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. 2021 నవంబరు 8న సుక్మా జిల్లా లింగంపల్లి శిబిరంలో ఒక సీఆర్పీఎఫ్ జవాను కాల్పుల్లో నలుగురు సహచరులు మరణించారు. ఒక్కో ఘటన వెనుక కారణాలు వేరు కావచ్చు. కాని నిద్రలేని కాపలా, ఇంటికి దూరం, నిత్య భయం కలిసిన జీవితానికి మానసిక ఆసరా అవసరమన్న సంగతిని ఇవి అందరి ముందూ పెట్టాయి. 2020లో ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ తమ సిబ్బంది కోసం ‘స్పందన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. సాయం అడిగితే ‘బలహీనుడు’ అంటారన్న భయం పోయే దాకా ఏ కౌన్సెలర్ గది ముందూ వరుస కట్టరు.

అవతలి వైపు నుంచి వచ్చినవారి సంగతీ చూడాలి. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో ఒకే రోజు 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. లొంగిపోయినవారికి ఇల్లు, డబ్బు, వృత్తి శిక్షణ ఇవ్వడం పునరావాసంలో ఒక భాగం. కౌమారంలోనే దళంలో చేరి, చావులు చూసి, తామూ పాల్గొని వచ్చినవారిలో గాయంతోపాటు అపరాధ భావన కూడా ఉంటుంది. దానికి మాత్ర లేదు. నమ్మకంగా వినే మనిషి కావాలి. బాధితుడు, జవాను, లొంగిపోయిన మనిషి ఒకే సంతలో ఉప్పు కొనే చోట, ముగ్గురికీ చికిత్స అందడం శాంతిలో భాగమే.

మళ్లీ సంతకు

ఇప్పుడు కుంట సంతలోని ఆ మహిళ దగ్గరికి తిరిగి వెళదాం. రక్తహీనత, మలేరియా లేవని తేలాక తొమ్మిది చిన్న ప్రశ్నలు అడిగితే తీవ్ర కుంగుబాటు ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే వైద్యుడు తక్కువ మోతాదులో ఫ్లుఒక్సెటిన్ మొదలుపెడతాడు. మితానిన్ వారానికోసారి ఇంటికి వెళుతుంది. తొలి రోజే గాయం గురించి అడగదు. ‘అక్కా, మునుపు నీళ్లకు ఎవరితో కలిసి వెళ్లేదానివి? రేపు మళ్లీ వెళదామా?’ అని అడుగుతుంది. ఆగిపోయిన చిన్న చిన్న పనులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టించడం కూడా శాస్త్రం ఒప్పుకున్న చికిత్సే. గోవాలో పరీక్షించిన పద్ధతికి మూలం అదే. నాలుగో వారానికి నిద్ర కాస్త కుదురుతుంది. ఆకలి వేస్తుంది. కొంత బలం వచ్చాక, ఆమె కోరితే, శిక్షణ పొందిన కౌన్సెలర్ ఆ రాత్రి కథ వింటుంది. తగ్గకపోతే జగదల్‌పూర్‌లోని నిపుణుడిని ఫోన్‌లోనో, నేరుగానో సంప్రదిస్తారు.

ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. చవకైన మాత్ర, శిక్షణ పొందిన పొరుగింటి మనిషి, వెనుక నిలబడే వైద్యుడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరి పని సగమే.

ఎవరికైనా ఇలాంటి లక్షణాలున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ఆలస్యం చేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలి మానస్’ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరులో పగలైనా రాత్రయినా ఫోన్ చేయవచ్చు. తెలుగు సహా 20 భాషల్లో అక్కడ మాట్లాడే అవకాశం ఉంది.